నాగపూర్‌కీ శంషాబాద్‌కీ నడుమ మా ఇల్లు

నాగపూర్ విమానాశ్రయం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి పటం మీద తిన్నగా గీత గీస్తే సుమారు 430 కిలోమీటర్లు వస్తుంది. విమానం ఆ దూరాన్ని గంటా ఇరవై నిమిషాల నుంచి గంటన్నర లోపు దాటేస్తుంది. ఆ గీతకు తూర్పు పక్కన, ఇంచుమించు 45 కిలోమీటర్ల ఎడంగా చంద్రపూర్ ఉంది. మా కుటుంబం ఈ జిల్లాకు వచ్చి డెబ్బై ఏళ్ళు దాటింది. విమానం ఎక్కాలంటే ఉత్తరానికి నాగపూర్ పోవాలి, లేదంటే దక్షిణానికి శంషాబాద్ పోవాలి. ఈ రెండింటి నడుమ ఉన్నవాళ్ళం మేము.

ఈ లెక్కలన్నీ ఇప్పుడెందుకంటే, మా ఇంట్లో కొంతకాలంగా ఒక మాట నడుస్తోంది. మాలో కొందరు హైదరాబాద్‌లో ఉన్నారు, ఒకరు షికాగోలో ఉన్నారు, ఇద్దరం ఇక్కడే ఉన్నాం. చంద్రపూర్ ఇల్లు అమ్మేసి, అమ్మనీ బాపునీ శంషాబాద్‌కు గంట దూరంలో ఒక ఫ్లాట్ తీసుకుని అక్కడ ఉంచుదామని దూరంగా ఉన్నవాళ్ళ ఆలోచన. "ఏదైనా అయితే దిగిన గంటలో ఇంట్లో ఉంటాం గదా" అంటారు. కొట్టిపారేసే మాట కాదు. అయితే విమానాశ్రయానికి దగ్గరగా ఉండటమూ, మనవాళ్ళకు దగ్గరగా ఉండటమూ ఒకటేనా? దీనికి మా కుటుంబం చూసిన దారుల చరిత్రలోనే జవాబు వెతుకుదామని కూర్చున్నాం. బయటి రాష్ట్రాల్లో స్థిరపడ్డ చాలా తెలుగు ఇళ్ళలో ఇదే మాట నడుస్తూ ఉంటుందని మాకు తెలుసు. అందుకే మీ ముందు కూడా పెడుతున్నాం.

దూరాన్ని మొదట కొలిచినవాళ్ళు

మన పాతవాళ్ళు దూరాన్ని ఆమడల్లో చెప్పుకునేవాళ్ళు. ఆమడ అంటే ఇంచుమించు ఎనిమిది మైళ్ళు. బాటసారికి కావలసింది ఎన్ని ఆమడలు, ఎన్ని మజిలీలు, మధ్యలో నది ఉందా, నీళ్ళు దొరుకుతాయా అన్నదే. తిన్నని గీత మీద ఎంత అన్నది అతనికి అక్కరలేదు.

ఆ తిన్నని గీతను లెక్కగట్టిన పని మాత్రం మన దారిలోనే సాగింది. విలియం లాంబ్టన్ అనే ఇంగ్లీషు సర్వే అధికారి 1802లో మద్రాసు దగ్గర కొలత మొదలుపెట్టి, గొలుసులు, అర టన్ను బరువున్న థియోడొలైట్ మోయించుకుంటూ కన్యాకుమారి నుంచి ఉత్తరానికి దేశం నడిబొడ్డు వెంట కొలుచుకుంటూ వచ్చాడు. దాన్నే గొప్ప త్రికోణమితి సర్వే అంటారు. హైదరాబాద్ రాజ్యం కొలత చాలావరకు అయ్యాక, తన కార్యాలయాన్ని నాగపూర్‌కు మార్చుకోవడానికి బయల్దేరి, దారిలో 1823 జనవరి 20న హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. ఆయన సమాధి అక్కడే ఉంది. చంద్రపూర్ నుంచి నాగపూర్‌కు రైల్లో పోయేవాళ్ళు హింగన్‌ఘాట్ స్టేషన్ దాటుకునే పోతారు. ఈనాడు విమానం గంటన్నరలో దాటే దూరంలో, రెండు వందల ఏళ్ళ క్రితం ఒక మనిషి ఆయుష్షు మధ్యలో అయిపోయింది.

ఇంత కష్టపడి కొలిచిన తిన్నని గీతే ఇప్పుడు మన ఫోన్‌లో కనిపించే విమానదూరం. అది భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకుని, రెండు చోట్ల నడుమ అతి దగ్గరి దారిని చెబుతుంది. ఆ దారి కింద ఎవరున్నారో, వాళ్ళు ఎటు పోవాలనుకుంటున్నారో అది చెప్పదు.

కదలని మనుషులు, కదిలిన హద్దులు

చంద్రపూర్ తెలుగువాళ్ళందరూ మాలాగా ఉద్యోగానికి వచ్చినవాళ్ళు కాదు. పాత చాందా జిల్లా దక్షిణపు కొస, అంటే ప్రాణహిత గోదావరిలో కలిసే సిరొంచ ప్రాంతం, ఎప్పటినుంచో తెలుగు మాట్లాడే నేల. సిరొంచ కేంద్రంగా అప్పర్ గోదావరి అని ఒక జిల్లా ఉండేది. 1874లో దాన్ని రద్దు చేసి చాందాలో కలిపారు. 1907లో సిరొంచ తాలూకా కింది భాగంలోని చర్ల, ఆల్బాక, నూగూరు ప్రాంతాలను విడదీసి మద్రాసు రాష్ట్రానికి ఇచ్చారు. చర్ల ఇవాళ తెలంగాణలో, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. ఒకే నది, ఒకే భాష. కాగితం మీద గీసిన గీతతో కొందరు ఇటు, కొందరు అటు అయ్యారు.

మాకు ఇంకా దగ్గరిది రాజురా సంగతి. బల్లార్‌పూర్‌కు వర్ధా నది అవతల ఉన్న రాజురా నిజాం రాజ్యంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్విభజనప్పుడు దాన్ని బొంబాయి రాష్ట్రంలోకి తెచ్చి మొదట నాందేడ్ జిల్లాలో వేశారు. 1959లో చాందాకు ఇచ్చారు. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. చాందా పేరు చంద్రపూర్ అయింది 1964 ప్రాంతంలో. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి కొత్త జిల్లా అయ్యి, సిరొంచ అటు పోయింది. మా జిల్లాలోని పెద్ద తెలుగు నేల అట్లా మా జిల్లా నుంచి విడిపోయింది. ఇప్పటికీ చంద్రపూర్ నుంచి ఆలాపల్లి మీదుగా సిరొంచకు పోవాలంటే సుమారు రెండు వందల కిలోమీటర్ల అడవి దారి. వానాకాలంలో లాల్‌పరీ ఎక్కితే రోజులో సగం దారిలోనే పోతుంది.

నాగపూర్ నుంచి షార్జాకు తిన్నగా విమానం ఉంది. సుమారు 2,450 కిలోమీటర్లు, మూడున్నర నాలుగు గంటల ప్రయాణం. మా వీధిలోంచి సిరొంచ పోయేవాడు ఆలాపల్లి దాటేసరికి, నాగపూర్‌లో విమానం ఎక్కినవాడు గల్ఫ్ తీరానికి చేరువవుతాడు.

బొగ్గు కోసం వంగిన రైలు

నాగపూర్‌కూ హైదరాబాద్‌కూ నడుమ ఇప్పుడు మూడు దారులున్నాయి. ఆకాశ మార్గం మాకు పడమరగా పోతుంది. 44వ నంబరు జాతీయ రహదారి, మనం పాత లెక్కలో ఏడో నంబరు అనుకునేది, అదీ పడమరగానే పాండర్‌కవడా, ఆదిలాబాద్, నిర్మల్ మీదుగా పోతుంది. రైలు ఒక్కటే మా దాకా వస్తుంది. అందుకే నాగపూర్ నుంచి సికింద్రాబాద్‌కు ఈ లైను మీద 575 కిలోమీటర్ల పైన అవుతుంది. విమానదూరం కంటే ఇంచుమించు 145 కిలోమీటర్లు ఎక్కువ.

రైలు ఇటు వంగింది మా కోసం కాదు, బొగ్గు కోసం. 1870లలో వర్ధా నుంచి వరోరా బొగ్గు గనులకు ఒక కొమ్మ లైను వేశారు. తర్వాత దాన్ని చాందా మీదుగా బల్లార్షా దాకా పొడిగించారు. అవతల నిజాం రైల్వేవాళ్ళు కాజీపేట నుంచి ఉత్తరానికి లైను వేసుకుంటూ వచ్చారు. 1929లో కాజీపేట, బల్లార్షాల నడుమ లైను పూర్తయి, ఢిల్లీకీ మద్రాసుకూ తిన్నగా రైలు దారి ఏర్పడింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్, అందరం జీటీ అని పిలిచే బండి, ఆ ఏడే మొదలైంది.

ఆ లైను మీది స్టేషన్ల పేర్లు మా ఇంట్లో పిల్లలకు ఎక్కాల్లాగా వచ్చేవి. బల్లార్షా దాటి వర్ధా వంతెన మీద బండి చప్పుడు మారగానే లెక్క మొదలు. మాణిక్‌గఢ్, విరూర్, మాకుడి, సిర్పూర్ టౌన్, కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ రోడ్, రేచిని రోడ్, బెల్లంపల్లి, మందమర్రి, మంచిర్యాల, రామగుండం, పెద్దపల్లి. మాకుడి దాటినంక ప్లాట్‌ఫారం మీద అరుపులు తెలుగులోకి మారేవి. మిర్చీ భజ్జీ అమ్మేవాడు కూడా తెలుగే. మా అవ్వ అక్కడికి రాగానే కొంగు సర్దుకుని కిటికీ దగ్గరికి జరిగేదట.

రెండు కాగితపు మిల్లులు, ఒక తాత

మా తాతది పెద్దపల్లి దగ్గరి పల్లె. మొదట కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లులో కూలిగా చేరాడు. ఆ మిల్లు నిజాం కాలంలో, 1938లో ఏర్పడిన సంస్థది. మిల్లు పేరుతోనే ఆ ఊరు కాగజ్‌నగర్ అయింది. బల్లార్‌పూర్‌లో మరో పేపర్ మిల్లు, 1945లో ఏర్పడిన సంస్థ కట్టుకున్నది, పని మొదలుపెట్టే రోజుల్లో, అంటే 1953లో, తాత ఇటు వచ్చాడు. రెండు మిల్లులకూ అడవిలోని వెదురే ఆధారం, రెండూ ఒకే రైలు లైను మీదివే. నడుమ సుమారు 70 కిలోమీటర్లు. తాత లెక్కలో అది ఊరు మారడం కూడా కాదు, షెడ్డు మారడం.

కాగితాల్లో మాత్రం ఆయన హైదరాబాద్ రాష్ట్రం విడిచి మధ్యప్రదేశ్‌లోకి వచ్చాడు. అప్పట్లో మధ్యప్రదేశ్ రాజధాని నాగపూరే. అదే క్వార్టర్‌లో ఉంటూ 1956లో బొంబాయి రాష్ట్రంవాడయ్యాడు, 1960లో మహారాష్ట్రవాడయ్యాడు. పుట్టిన పల్లె హైదరాబాద్ రాష్ట్రంలోంచి ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది, ఆయన పోయిన చాలా ఏళ్ళకు 2014లో తెలంగాణ అయింది. రాష్ట్రాల పేర్లు ఎన్ని మారినా ఆయనకు ఊరి దూరం మారలేదు. ప్యాసింజర్ బండిలో ఆరు గంటలు, దిగినంక బండి కట్టుకుని ఇంకో రెండు గంటలు. "పొద్దున ఇక్కడ సద్ది తిని, రాత్రి అక్కడ గట్క తినొచ్చు" అనేవాడని బాపు చెబుతాడు. ఆయన దూరాన్ని కొలుచుకున్నది ఇట్లాగే, ఏ పూట ఎక్కడ తింటామన్న లెక్కలో.

ఈ ఆరు గంటల వల్లే మా ఇంట్లో తెలుగు నిలిచింది. ఏడాదికి నాలుగుసార్లు పోవడం, పెళ్ళి సంబంధాలు అటునుంచే తెచ్చుకోవడం, బతుకమ్మకు ఆడబిడ్డల్ని పంపడం, ఇవన్నీ ఒక పూటలో పోయి రాగలిగే దారి ఉండబట్టే సాగాయి. అటునుంచి రాకడ కూడా ఉండేది. చైత్రంలో చంద్రపూర్ మహాకాళి జాతరకు తెలంగాణ నుంచి, నాందేడ్ వైపు నుంచి జనం తండోపతండాలుగా వస్తారు. ఆ వారం మా ఇంట్లో నిద్రపోవడానికి చాపలు చాలేవి కాదు.

అర్ధరాత్రి నాగపూర్‌లో కలిసిన విమానాలు

తాత ఎన్నడూ విమానం ఎక్కలేదు. ఆయన ఉత్తరాలు మాత్రం ఎక్కాయి.

1949 జనవరిలో దేశంలో రాత్రి ఎయిర్‌మెయిల్ మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల నుంచి ఒక్కో డకోటా విమానం రాత్రిపూట బయల్దేరి నాగపూర్‌లో దిగేది. నడిరాత్రి నాగపూర్‌లో టపా సంచులు ఒకదానిలోంచి మరొకదానిలోకి మార్చుకుని, ప్రయాణికుల్ని మార్చుకుని, తెల్లారేసరికి నాలుగూ తిరిగి తమ ఊళ్ళు చేరేవి. దేశానికి నాగపూర్ నడిమధ్యన ఉండటమే దీనికి కారణం. అదే ఏడు ఏప్రిల్ నుంచి, అదనపు రుసుము లేకుండానే మామూలు ఉత్తరాల్ని కూడా వీలున్నచోట విమానంలో పంపే పద్ధతి వచ్చింది. అవ్వ తమ్ముడు మద్రాసులో పనిచేసేవాడు. ఆయనకు బల్లార్‌పూర్‌లో వేసిన ఉత్తరం రైల్లో నాగపూర్ పోయి, అక్కడినుంచి ఆకాశంలో వచ్చిన దారినే తలమీదుగా దక్షిణానికి తిరిగి పోయేదన్నమాట. మద్రాసు దిక్కుకు పోవలసిన ఉత్తరం ముందు ఉత్తరానికి పోవడం తాతకు ఒక పట్టాన నమ్మకం కలిగేది కాదట.

హైదరాబాద్‌కు కూడా సొంత విమాన సంస్థ ఉండేది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్‌కు బేగంపేటే ఇల్లు. 1953లో ప్రభుత్వం విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆనాటి డకోటా గంటకు 270 కిలోమీటర్ల చిల్లర పోయేది. నాగపూర్ నుంచి హైదరాబాద్ దూరానికి అది గంటన్నర పైన తీసుకుంటుంది. ఇప్పటి చిన్న విమానాలు అంతకు దాదాపు రెట్టింపు వేగంతో పోతాయి. అయినా ప్రయాణం టైము సగం కాలేదు. ఇంత దగ్గరి దూరంలో రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, కిందికి దిగడం, దిగడానికి వంతు కోసం తిరగడం, వీటికే చాలా సమయం పోతుంది. పైన పూర్తి వేగంతో పోయేది కాసేపే. టికెట్ మీద రాసే సమయం కూడా బయల్దేరిన చోట విమానం కదిలినప్పటినుంచి అవతల ఆగేదాకా లెక్కే.

నడుమ మూతబడ్డ రన్‌వేలు

మా దారి పొడుగునా విమానాలు దిగే చోట్లు అసలు లేవని కాదు. వరంగల్ మామునూరులో నిజాం కాలంలోనే విమానాశ్రయం కట్టారు. రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీవాళ్ళ రన్‌వే ఉంది. 1980లలో వాయుదూత్ చిన్న విమానాలు అక్కడ దిగిన సంగతి మా పెద్దపల్లి చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత అన్నీ ఆగిపోయాయి. 2008 మార్చి 23న శంషాబాద్ తెరిచాక బేగంపేట కూడా మామూలు ప్రయాణికులకు మూతబడింది. కొత్త విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు మరోటి రాకూడదన్న షరతు ఒప్పందంలో ఉండటంతో మామునూరు సంగతి ఏళ్ళ తరబడి ముడిపడిపోయింది.

ఇటు చంద్రపూర్ దగ్గర మోర్వాలో చిన్న రన్‌వే ఉంది. మంత్రులూ పెద్దలూ దిగుతారు, మనలాంటివాళ్ళకు టికెట్ ఇచ్చే విమానం రాదు. రాజురా తాలూకాలో పెద్ద విమానాశ్రయం కడతామన్న మాట ఏళ్ళుగా ఉంది. అక్కడ అడవి ఉంది, పులులు తిరిగే దారి ఉంది. ఆ మాట ఎప్పటికి రన్‌వే అవుతుందో చూడాలి.

ఇవన్నీ కలిపి చూస్తే మాకు అర్థమైంది ఇది. విమానాశ్రయం పెద్ద నగరాలకు మరింత దగ్గరి దారి అయింది. నడుమ ఊళ్ళ నడుమ దూరాన్ని అది ముట్టుకోలేదు.

మా లెక్క

చంద్రపూర్ నుంచి సికింద్రాబాద్‌కు విమానంలో పోదామనుకుందాం. ఇంటి నుంచి నాగపూర్ విమానాశ్రయానికి రోడ్డు మీద 150 కిలోమీటర్లు, మూడు గంటలు. రెండు గంటల ముందు ఉండాలి. విమానం గంటా ఇరవై. దిగి బయటపడటానికి అరగంట. శంషాబాద్ నుంచి సికింద్రాబాద్‌కు గంట పైన. అంతా కలిపితే ఎనిమిది గంటలు. 2024 సెప్టెంబరు 16న మొదలైన నాగపూర్–సికింద్రాబాద్ వందేభారత్ ఆ పూర్తి దూరాన్నే ఏడుంబావు గంటల్లో పోతుంది. చంద్రపూర్‌లో ఎక్కితే సుమారు అయిదు గంటలు.

పెద్దపల్లికైతే ఈ లెక్క నవ్వు తెప్పిస్తుంది. రైల్లో 180 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్ దొరికితే మూడు గంటలు. విమానం ఎక్కితే ఉత్తరానికి 150, ఆకాశంలో 430, శంషాబాద్ నుంచి కరీంనగర్ మీదుగా వెనక్కి మరో 220. పక్క జిల్లా లాంటి ఊరికి 800 కిలోమీటర్లు తిరగాలి.

షికాగోలో ఉన్న మా చెల్లెకు ఈ లెక్క తలకిందులు. శంషాబాద్ నుంచి షికాగో విమానాశ్రయానికి తిన్నగా 13,280 కిలోమీటర్ల దరిదాపు, అంటే భూమి చుట్టుకొలతలో మూడోవంతు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు నగరాల నడుమ ఎక్కడా ఆగని విమానం మొదలుపెట్టినప్పుడు మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. పదహారు గంటల పైన ఒకే కుర్చీలో కూర్చోవడం! ఆగి పోయే విమానాలైతే ఇరవై నాలుగు గంటల దాకా పడుతుంది. పైన ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీచే గాలి వల్ల అటు పోయేటప్పుడు కంటే ఇటు వచ్చేటప్పుడు సమయం కొంత తగ్గుతుంది. "ఇంటికి వచ్చేటప్పుడు గాలి కూడా నెడుతది" అని చెల్లె అంటుంది.

ఆమెకు ప్రాణం పోయేది దిగినంకే. అంత దూరం వచ్చి, చివరి నాలుగు వందల కిలోమీటర్లకు మళ్ళీ ఆరేడు గంటలు. ఆ చివరి ముక్కను తీసేద్దామనే ఆమె అడుగుతున్నది. దూరంగా ఉన్న బిడ్డగా ఆమె అడగడం న్యాయమే.

దారులన్నీ మూసుకున్న నెల

ఇంకో సంగతి కూడా ఈ లెక్కలో కలపాలి. 2020 ఏప్రిల్‌లో మా అవ్వ పోయింది. తొంభై దాటిన మనిషి, వయసు మీద పడి పోయింది. మార్చి 22 నుంచే ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. బయటి దేశాల విమానాలు అప్పుడే ఆగాయి, మార్చి 25 నుంచి దేశంలోని విమానాలూ ఆగాయి. రాష్ట్రాల హద్దుల్లో పోలీసులు నిలబడ్డారు. 1929 నుంచి మా వాళ్ళు నమ్ముకున్న లైను మీద ఆ రోజుల్లో సరుకు బండ్లు తప్ప ఏమీ తిరగలేదు.

180 కిలోమీటర్ల దూరంలో పెద్దపల్లిలో ఉన్న అవ్వ చెల్లెలు కడచూపుకు రాలేకపోయింది. హైదరాబాద్‌లో ఉన్న మనవడు రాలేకపోయాడు. 13,280 కిలోమీటర్ల దూరంలో ఉన్న మనవరాలు రాలేకపోయింది. ముగ్గురూ ఫోన్‌లోనే చూశారు. ఆ రోజు మూడు దూరాలూ ఒకటే అయ్యాయి.

అవ్వను మోసింది మా గల్లీవాళ్ళు. ఇరవై మందికి మించి ఉండకూడదన్న నియమం మధ్య, పక్కింటి మరాఠీ కాకా, ఎదురింటి గోండు అన్నదమ్ములు, బాపుతో పనిచేసిన దోస్తులు ముందుకొచ్చారు. అవ్వకు మరాఠీ సరిగ్గా వచ్చేది కాదు, వాళ్ళకు తెలుగు రాదు. నలభై ఏళ్ళు ఒకే బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకున్నవాళ్ళు.

ఆ నెలలోనే మా జిల్లా నుంచి, గడ్చిరోలి నుంచి మిరప ఏరడానికి వరంగల్, ఖమ్మం వైపు పోయిన కూలీలు చిక్కుకుపోయి, పిల్లల్ని ఎత్తుకుని నడిచి తిరిగి వచ్చారు. మా తాత అటునుంచి ఇటు కూలికి వస్తే, ఇక్కడివాళ్ళు ఇటునుంచి అటు కూలికి పోతున్నారు. వాళ్ళకు ఆ నెల దూరం మళ్ళీ ఆమడల్లోకి, మజిలీల్లోకి వెళ్ళిపోయింది. మధ్యలో నది ఉందా, నీళ్ళు దొరుకుతాయా అన్న పాత ప్రశ్నలే.

మేం అనుకుంటున్నది

దారులన్నీ మూసుకునే రోజులు రోజూ రావు. వాటిని పట్టుకుని నిర్ణయాలు చేయలేం. బాపుకు గుండె పరీక్షలకు పెద్ద ఆసుపత్రి కావాలంటే నాగపూర్‌కో హైదరాబాద్‌కో పోవాల్సిందే, అది నిజం. అమ్మకు మోకాళ్ళ నొప్పి, మెట్లు ఎక్కలేదు, అదీ నిజం. దూరంగా ఉన్న బిడ్డలు రాత్రిళ్ళు నిద్రపట్టక లేచి ఫోన్ చూసుకోవడం కూడా నిజమే.

అయినా ఈ చరిత్ర అంతా రాసుకున్నాక మాకు ఒకటి తేలింది. పిల్లలు అడుగుతున్న "విమానాశ్రయానికి ఎంత దూరం" అన్నది వచ్చేవాళ్ళ లెక్క. ఏడాదికి ఒకసారో రెండుసార్లో పనికొచ్చే లెక్క. మిగతా మూడు వందల యాభై రోజులకు ఉండేవాళ్ళ లెక్క వేరే ఉంటుంది. రాత్రి రెండింటికి బాపుకు ఛాతీలో నొప్పి వస్తే పది నిమిషాల్లో ఎవరు వస్తారు? చంద్రపూర్‌లో ఆ పేర్లు మాకు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి. కొత్త ఫ్లాట్‌లో ఆ పేర్లు తయారు కావడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఏ టికెట్ మీదా రాసి ఉండదు.

అందుకని మేం ఇక్కడ ఉన్నవాళ్ళం ఒక మధ్యమార్గం అనుకుంటున్నాం. ఇల్లు ఇప్పుడే అమ్మొద్దు. చలికాలం అయినాక మూడు నెలలు అమ్మా బాపూ తమ్ముడి దగ్గర హైదరాబాద్‌లో ఉండి చూడాలి. చెల్లె వచ్చేది ఆ రోజుల్లోనే పెట్టుకుంటే ఆమెకు చివరి ఆరేడు గంటలు తప్పుతాయి. పోవడానికీ రావడానికీ వందేభారత్ ఉంది, చంద్రపూర్‌లోనే ఎక్కొచ్చు. మహాకాళి జాతరకు మాత్రం ఇల్లు తెరిచి ఉండాలి, ఎందుకంటే అటునుంచి చుట్టాలు వస్తారు. ఇది అందరికీ నచ్చుతుందో లేదో తెలియదు. దీపావళికి అందరం కూర్చుని మాట్లాడుకుంటాం. మాట్లాడేటప్పుడు ఈ అంకెలు అందరి ముందూ ఉండాలనే ఇంత వివరంగా రాశాం.

మీ ఇళ్ళలో కూడా ఇట్లాంటి లెక్క ఒకటి రాసిపెట్టుకోమని మా మాట. మీ తాతముత్తాతలు ఏ ఊరినుంచి ఏ దారిలో వచ్చారు, అప్పుడు ఎన్ని గంటలు పట్టేది, ఇప్పుడు ఎంత పడుతుంది, మధ్యలో ఏ స్టేషన్ దగ్గర భాష మారేది. పెద్దవాళ్ళు ఉన్నప్పుడే అడిగితే చెబుతారు. మా తాత ప్యాసింజర్ ప్రయాణం సంగతి బాపుకు గుర్తుండబట్టే ఇక్కడికి ఎక్కింది. సిర్పూర్ దిక్కు స్టేషన్ల పేర్లు వరసగా చెప్పగలిగేవాళ్ళు మా ఇంట్లో ఇప్పుడు బాపు, మేమిద్దరం, అంతే. షికాగోలో ఉన్న మేనకోడలికి ఆ వరస ఫోన్‌లో నేర్పుతున్నాం. మొన్నటికి మాకుడి దాకా వచ్చింది.